మూడున్నర నిమిషాల గది

తెర మీదికి ఆ తలుపు రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. ఈలోగా నేను మామూలుగా ఊపిరి పీల్చుకోవాలి, ముందు వరసలో కూర్చున్న కుర్ర నిర్మాత మెడ వైపు చూడకూడదు, పక్కనున్న మా పిల్ల చెయ్యి పట్టుకోకూడదు, పట్టుకుంటే మెల్లగా వదిలించుకుంటుందని నాకు తెలుసు. పొద్దున్న పదకొండింటికి కావాలని చీకటి చేసుకుని కూర్చోవడం మా వృత్తివాళ్లకే చెల్లింది. బయట ఎండ, బళ్లు, ఎవరి పనుల్లో వాళ్లు. ఇక్కడ ఈ ప్రివ్యూ హాల్లో అరవై కుర్చీలు, వాటిలో నలభై మంది, ఎక్కువమంది పాతికేళ్ల లోపు వాళ్లే. ఈ కాలం వాళ్లు ఏమంటారో చూద్దామని నిర్మాత ఏరి ఏరి పిలిపించాడు. పందెం ఆయనకీ అన్నయ్యకీ. అన్నయ్య నాకు తోడబుట్టినవాడేం కాదు, ఈ సినిమా దర్శకుడు. ముప్పై ఏళ్లుగా ఆయన సినిమాలకి శబ్దం నాదే కాబట్టి ఆ పిలుపు అలా అతుక్కుపోయింది. "ఆఖరి షాట్ మూడున్నర నిమిషాలండీ. మాటలేదు, పాటలేదు, మనిషి లేడు. హాలు కదలకుండా కూర్చుంటే మీ ఇష్టం వచ్చినట్టే వదిలేస్తాను. కదిలితే మాత్రం వయొలిన్లు పెట్టిస్తాను" అన్నాడు నిర్మాత. "సరే" అనేశాడు అన్నయ్య, నన్ను మాటవరసకైనా అడక్కుండా. ఆయనకేం తెలుసు ఆ మూడున్నర నిమిషాల్లో నేనేం పెట్టానో. వయొలిన్లు పెడితే దేని మీద పెడుతున్నారో ఈ హాల్లో నాకొక్కదానికే తెలుసు.

సరే, చూడు, సినిమా చూడు. తెర మీద కొడుకు మెట్లెక్కుతున్నాడు. పదేళ్లుగా తండ్రితో మాటల్లేని కొడుకు. ఆ మెట్ల చప్పుడు నా పాత తోలు చెప్పులది, మా మేడ మెట్ల మీద నేనే పదిసార్లు ఎక్కి దిగి రికార్డు చేశాను, మోకాళ్లు పట్టేశాయి. ఆరడుగుల నటుడు నా చెప్పుల్లో నడుస్తున్నాడని ఎవరికీ తెలియదు. ఎనిమిదో మెట్టు మీద ఆగుతాడు, అక్కడ ఆగినప్పుడు పైనుంచి తండ్రి దగ్గు వినపడాలని స్క్రిప్టులో ఉంది. నేను దగ్గు తీసేసి గ్లాసు పెట్టాను. నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు, కొంచెం గట్టిగా. దగ్గు వినపడితే కొడుక్కి జాలేస్తుంది. గ్లాసు గట్టిగా పెడితే, వచ్చినవాడెవడో ముసలాయనకి తెలుసని అర్థం. అన్నయ్య ఆ రోజు విని చాలాసేపు బుర్ర గోక్కుని, "నా సినిమా నువ్వు తీసేస్తున్నావు చెల్లాయ్" అన్నాడు. ఆయన మెచ్చుకోలు అలాగే ఉంటుంది, ఏదో నష్టం జరిగిపోయినట్టు.

మా వాళ్లందరూ ఆయనకి పెట్టిన పేరు తలుపులాయన. ఎంత పెద్ద సంఘటన జరిగినా ఆయన కెమెరా గుమ్మం బయటే ఆగిపోతుంది మరి. పెళ్లి చెడిపోయినా, పిల్లాడు పుట్టినా, మనిషి పోయినా మనకి కనిపించేది సగం తెరిచిన తలుపు, లోపలి నుంచి పడే కాస్త వెలుగు, మంచం కోడో చీర అంచో. మిగతాది విని తెలుసుకోవాలి. "అంత పెద్ద నటుణ్ణి పెట్టుకుని వీపు చూపిస్తారేంటండీ" అని ఒక నిర్మాత ఏడ్చినంత పనిచేస్తే, "మొహం చూపిస్తే జనం వినడం మానేస్తారండీ" అన్నాడు, తాపీగా టీ చప్పరిస్తూ. నేను పనిలో చేరిన వారానికి నన్ను కూర్చోబెట్టి ఒక ముక్క చూపించాడు. ఒకావిడ కుర్చీలో కూర్చుని ఉంటుంది, అంతే, నలభై సెకన్లు. మొదటిసారి దూరంగా పిల్లలు ఆడుకుంటున్న గోల పెట్టి చూపించాడు. పిల్లలు లేని ఆవిడ కాబోలనుకున్నాను. రెండోసారి కుళాయి చుక్కలు పడే చప్పుడు పెట్టాడు. ఎవరూ రాని ఇల్లు, ఆవిడకి లేచే ఓపిక లేదు. మూడోసారి బయట వరండాలో ఎవరివో చెప్పుల చప్పుడు, దగ్గరకొచ్చి ఆగిపోతుంది. నాకు భయమేసింది. ఆవిడ మాత్రం మూడుసార్లూ అదే కూర్చోవడం, అదే మొహం. "ఇప్పుడు చెప్పు, ఆవిడ కథ ఎవరు రాశారు?" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లదాన్ని, బడిలో మార్కులొచ్చిన పిల్లలా గర్వంగా "మీరే" అన్నాను. "కాదు, ఇక మీదట నువ్వు" అన్నాడు. ఆ ఒక్క మాటకి ముప్పై ఏళ్లు ఊడిగం చేశాను, ఇంకో ముప్పై ఏళ్లున్నా చేసేదాన్ని.

మా ఆయన ఆ కెమెరా వెనక ఉండేవాడు. తలుపులాయనకి బావ, నాకు మొగుడు, అన్నిటికన్నా ముందు నాకు శత్రువు. ఆ రోజుల్లో ఆయన కెమెరా గరగరలాడేది, నా మైకులోకి ఆ గరగరంతా వచ్చేది. రెండో రోజే అందరి ముందూ అరిచాను, "ఆ పిండిమరని అవతల పెట్టండి" అని. మర్నాడు మా ఇంట్లోంచి బొంత తెచ్చి కెమెరాకి చుట్టబెట్టాను, కిమ్మనకుండా చుట్టనిచ్చి, "దీనికి చలి తగ్గింది, మరి నాకో?" అన్నాడు. చెంప పగలగొట్టాల్సిన మాట. నవ్వొచ్చేసింది, ఏం చేస్తాను. చివరిదాకా మాటకి మాటే. "నువ్వు వినిపించగలిగింది నేను చూపించక్కర్లేదు కదా, ఇంకా నన్నెందుకు పెట్టుకున్నారు" అని ఎత్తిపొడిచేవాడు. అలా అంటూనే తలుపు సందులోంచి పడే వెలుగు కోసం మధ్యాహ్నమంతా కాచుకు కూర్చునేవాడు. ఇప్పుడు రాబోయే తలుపు ఆయన ఆఖరి షాట్. అప్పటికే నడవలేకపోతున్నాడు. కుర్చీలో కూర్చుని చేత్తో సైగలు చేస్తూ తీయించాడు, మూడున్నర నిమిషాలూ కన్నార్పలేదు, కట్ చెప్పాక "బావా, సరిపోయిందా?" అని అడిగాడు. ఎప్పుడూ అలా అడిగే మనిషి కాదు. అన్నయ్య పక్కకెళ్లి ముక్కు చీదుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, పనిలో ఉంటే నాకు ఏదీ రాదు, అదే నా రోగం అంటుంది మా పిల్ల.

ఇంకా పదిహేను నిమిషాలు. తెర మీద ముసలాయన కిటికీ దగ్గర, వీపు. హాలు బాగానే ఉంది, కుర్చీల కిర్రులు లేవు, ఎవరి ఫోనూ వెలగలేదు. నిర్మాత మెడ చూడనన్నాను, చూస్తున్నాను. ఆయన కూడా బుద్ధిగా కూర్చున్నాడు. మా పిల్ల దగ్గర సబ్బు వాసన. పొద్దున్న "రావా, నాన్న సినిమా" అంటే "నాన్నది కాబట్టే వస్తున్నా" అంది. నాది కూడా అనలేదు, అడగలేదు నేను. రెండేళ్లయింది మేం సరిగ్గా మాట్లాడుకుని. ఆయన పోయిన పొద్దుటి సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మా యూనిట్లో ఒక మాట ఉంది, గది తీసుకోవడం. బయటివాళ్లకి చెప్తే నవ్వుతారు. షూటింగ్ అయ్యాక సర్దుకోబోయే ముందు నేను చెయ్యెత్తి "గది తీసుకుంటున్నాను" అంటాను. అంతే, లైట్లు మోసేవాడి దగ్గర్నుంచి హీరోయిన్ దాకా ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోవాలి. ఒక నిమిషం ఆ గదిలో ఏమీ జరగనప్పటి చప్పుడు రికార్డు చేస్తాను. ప్రతి గదికీ దాని నిశ్శబ్దం దానికుంటుంది. మాటల మధ్య ఖాళీలు దానితోనే పూడ్చాలి, లేకపోతే సినిమా మధ్యలో చెవిటిదైపోయినట్టుంటుంది. ఒక గది నిశ్శబ్దం తెచ్చి ఇంకో గదికి పెడితే జనానికి ఎందుకో తెలియదు గానీ తేడా కొడుతుంది. ఇలాంటివి నాకు ఇంటి బీరువా నిండా ఉన్నాయి, ఆసుపత్రి వరండాలు, తరగతి గదులు, కోర్టు హాలు, ఖాళీ చేసిన అద్దె ఇళ్లు. ఆ పొద్దున్న ఆయన పోయాక, చుట్టాలకి ఫోన్లు చెయ్యక ముందు, మా పిల్లని బయటికి పంపి తలుపేసుకున్నాను. ఫ్యాను ఆపాను. పుళ్లు పడకుండా వేసిన గాలిపరుపు మోటారు ఆపాను, మూడు నెలలుగా దబ్ దబ్‌మని కొట్టుకుంటున్నది ఆగింది. గడియారం తీసి దిండు కింద పెట్టాను. మైకు పెట్టుకుని ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని గది తీసుకున్నాను, నాలుగు నిమిషాలు. ఆయన ఉన్న గది, ఆయన ఊపిరి లేని గది. నేను ఏడవకూడదు, రికార్డవుతోంది. తలుపు తీస్తే పిల్ల ఎదురుగానే నిలబడి ఉంది, నా మెడలో హెడ్‌ఫోన్ చూసింది. "నాన్న పోయి గంట కాలేదు. నీకు మనసెలా వచ్చిందమ్మా?" అంది. కొందరు జుట్టు కత్తిరించి దాచుకుంటారు, కొందరు చొక్కా దాచుకుంటారు, నాకు దాచుకోవడం ఇదొక్కటే వచ్చు. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

దాన్నే ఆ తలుపుకి పెట్టాను. ఆయన చూసిన తలుపు, ఆయన గది. ఎవరికీ చెప్పలేదు, అన్నయ్యక్కూడా. మిక్సింగ్‌లో అన్నయ్య కళ్లు మూసుకుని విని, "ఎక్కడిదీ నిశ్శబ్దం? ఇలాంటిది ఎప్పుడూ వినలేదు" అన్నాడు. "ఉందిలెండి" అన్నాను. సినిమాలో ఆ గది లోపల కొడుకు తండ్రి పక్కన కూర్చున్నాడు, ఇద్దరిలో ఎవరూ ఏమీ అనలేదు, అనాల్సింది అయిపోయింది, రాజీ పడ్డారు. ఆ తలుపు బయటనుంచి మనకి అదంతా తెలియాలి. తెలుస్తుంది కూడా, ఆ నిశ్శబ్దం అంత మెత్తగా ఉంది. కాస్త పెంచాను, ఇంకాస్త పెంచాను, నిశ్శబ్దాన్ని పెంచితేనే హాల్లో నిండుతుంది. మిక్సింగ్ గదిలో మీటర్ల తెర మీద నా తువ్వాలు కప్పేస్తాను, అది నా అలవాటు, నా పొగరు. గీతలు చూసి శబ్దం కలిపేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. చెవులున్నదెందుకు? అక్కడి ఇంజనీరు ముప్పై ఏళ్లవాడు, పనిమంతుడు, ఒకసారి "మేడమ్, ఇది..." అని ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు. ఏమనబోయాడో అడగాలనిపించలేదు.

వచ్చింది. తలుపు. సగం తెరిచి ఉంది, నేల మీద వెలుగు, మంచం చివర దుప్పటి అంచు. కొడుకు లోపలికి వెళ్లాడు, నా చెప్పులు గుమ్మం దగ్గర విడిచాడు. ఇప్పుడు. ఇక ఎవరూ లేరు, ఆ గది ఒక్కటే. ఇదిగో విన్నావా, నీ గది, ఇంత పెద్ద హాలు నిండా నీ గదే, కిటికీ అవతల ఎక్కడో లీలగా ఊరు, గోడలు, నువ్వు. ముప్పై సెకన్లు. ఎవరూ కదల్లేదు. వెలుగు కొంచెం జరిగింది, దాని కోసం ఎంతసేపు కాచుకున్నావో. నిమిషం. మూడో వరసలో ఒక అమ్మాయి తల వంచింది, ఏడుస్తోందనుకున్నాను, ఏడవనీ. తర్వాత ఆ అమ్మాయి రెండు అరచేతులూ చెవులకి పెట్టుకుంది. ఆ పక్కవాడు మెడ రుద్దుకున్నాడు, వెనక్కి తిరిగి స్పీకర్ల వైపు చూశాడు. ఇంకొకడు దవడ బిగించాడు. కుర్చీలు కిర్రుమన్నాయి, ఒకటి, రెండు, ఆ చివర్న నాలుగు. ఎందుకు? ఏమైంది వీళ్లకి? ఏమీ లేదే, హాయిగా ఉందే. నిర్మాత అటూ ఇటూ చూస్తున్నాడు, పోయింది, వయొలిన్లు వచ్చేశాయి, కాస్త ఓపిక పట్టండర్రా, మీ కాళ్లకి దణ్ణం పెడతాను, మూడున్నర నిమిషాలు మనిషి పోయిన గదిలో కూర్చోలేరా మీరు? పక్కకి తిరిగాను. మా పిల్ల తెర వైపు చూడటం లేదు, నన్ను చూస్తోంది. ఆ చీకట్లో కూడా దాని మొహం పాలిపోయి ఉంది. లేచి, వంగి, జనం కాళ్లు దాటుకుంటూ వెళ్లిపోయింది. అది గుర్తుపట్టిందని నాకు అప్పుడర్థమైంది, ఎలా గుర్తుపట్టిందో అర్థం కాలేదు.

లైట్లు వేశారు. చప్పట్లు వెంటనే రాలేదు, వచ్చాక ఆగలేదు. నిర్మాత రెండు చేతులూ చాపుకుంటూ అన్నయ్య దగ్గరికి వచ్చాడు. "సార్, ఓడిపోయాను. అందరూ కదిలారు, అయినా నేనే ఓడిపోయాను. వయొలిన్లూ వద్దు, ఏమీ వద్దు. ఆ కూత పెట్టారు చూడండి, సన్నగా సూదిలా, అబ్బ, ఇంకా చెవిలోనే ఉంది. దాన్ని ముట్టుకోవద్దు. రేపే కాపీలు పంపించేస్తున్నాం." చెవులు మూసుకున్న ఆ అమ్మాయి కూడా వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సార్, తండ్రీ కొడుకులు కలిసిపోతారేమో అనుకున్నాను. ఆ శబ్దం మొదలవగానే లేదని తెలిసిపోయింది. ఆ గదిలో ఇంక ఎవరికీ శాంతి ఉండదు కదా? భరించలేకపోయాను. మీరు ఎంత నిర్దయగా తీశారు సార్!" అంది. అన్నయ్య నవ్వుతూ తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు, వాళ్లు వెళ్లేదాకా. ఆయన సినిమాలో చీమ నడిచినా కావాలనే నడిపించాడని పేరు. అందుకే ఆ ఇంజనీరు నోరు మూసుకున్నాడు, అందుకే ఎవరూ అడగలేదు. అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చి, ఎవరైనా వింటారేమోనని చూసి, చిన్న గొంతుతో "ఏం కూత చెల్లాయ్?" అన్నాడు.

"నాకు తెలీదన్నయ్యా."

"నువ్వు పెట్టలేదా?"

"నేను నిశ్శబ్దమే పెట్టాను. నాకు వినపడింది అదే. మీకు?"

"నాకూ అంతే" అన్నాడు, డెబ్బై ఏళ్ల మనిషి, కుర్చీ చేయి పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

పిల్ల తిరిగొచ్చింది, మొహం కడుక్కుంది, జుట్టు తడిగా ఉంది. నా ముందు నిలబడి చాలా మామూలుగా మాట్లాడింది, అరిచినా బాగుండేది. "అది నాన్న గది కదమ్మా. పరుపు మోటారు ఆపావు గానీ మంచం వెనక ప్లగ్గులో దాని అడాప్టర్ అలాగే ఉంది. అది కూసేది. మూడు నెలలు రాత్రీ పగలూ ఆ కూత పక్కనే పడుకున్నాను నేను. నాన్నకి చెప్తే ఏదీ, ఎక్కడ అనేవాడు. నీకు చెప్తే ఏమన్నావో గుర్తుందా? చెవులు శుభ్రం చేసుకోవే అన్నావు." గుర్తుంది. నవ్వుతూ అన్నాను, ముప్పై ఏళ్లుగా చెవులతో బతుకుతున్నదాన్ని, నాకు చెప్పొచ్చావా అని కూడా అన్నాను. "కిందకి వంగి ప్లగ్గు పీకితే ఆగిపోయేది కదే?" అన్నాను ఇప్పుడు, ఎంత తెలివితక్కువ మాట. "పీకితే పరుపు దిగిపోయేది. నాన్నకి పుళ్లు పడేవి" అంది.

అన్నయ్య "తీసేద్దాం చెల్లాయ్, అది తీసేయొచ్చు కదా, అయిదు నిమిషాల పని" అంటున్నాడు. అయిదు నిమిషాలే. ఆ ఒక్క కూతనీ కోసి పారేయొచ్చు. కోశామో లేదో నాకెవరు చెప్పాలి? పక్కన ఒక పిల్లనో పిల్లాణ్ణో కూర్చోబెట్టుకుని ఆగిందా నాయనా, ఆగిందా తల్లీ అని అడుక్కోవాలి. అది తీసేస్తే మిగిలేది ఆయన గదేనా? ఆ గదిలో ఆ కూత ఉంది. అంత సన్నటి కూత మా వయసు చెవులకి అందదు, అందుకే నాకూ ఆయనకీ లేదు, పిల్లకి ఉంది. మేమిద్దరం హాయిగా ఉన్నామనుకున్న ఆ మూడు నెలలూ అది అక్కడే ఉంది. పోనీ ఇదొక్కటేనా, ఇంతకు ముందు సినిమా, అంతకు ముందుది? ఎన్నేళ్ల నుంచి నేను పోసిన నిశ్శబ్దాల్లో ఏమేం కూస్తున్నాయో, ఎంతమంది అది నా తెలివనుకుని భరించారో. ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో ఆవిడ కథ నేనే రాశాననుకున్నాను. ఇక చెయ్యలేను, ఈ పని ఇక నేను చెయ్యకూడదు, ఇది వచ్చే వారం తేలే సంగతి కాదు, ఇప్పుడే, ఈ కుర్చీలోనే తేలిపోయింది. భయంగా లేదు, ఏడుపు రావడం లేదు.

"ఇంకోసారి వేయించండి" అన్నాను. "ఆఖరి షాట్ ఒక్కటే." అన్నయ్య ప్రొజెక్షన్ అద్దం వైపు చెయ్యి ఊపాడు. పిల్ల వద్దన్నట్టు చూసింది. "ఒక్కసారి, నా కోసం" అన్నాను, "నువ్వు ముందెళ్లి కూర్చో. ఆ కూత మొదలవగానే చెయ్యెత్తు. వినపడినంతసేపూ ఎత్తే ఉంచు. ఆగిన చోట దించు." ఎక్కడో ఒక చోట ఆగుతుందనుకున్నాను, ఒక అర నిమిషమైనా, ఆయన గది ఆయన గదిగా ఉంటుందనుకున్నాను. అది వెళ్లి మొదటి వరసలో మధ్య కుర్చీలో కూర్చుంది, మా వైపు వీపు పెట్టి. లైట్లు తీశారు. తలుపు వచ్చింది, వెలుగు, దుప్పటి అంచు, కొడుకు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. పిల్ల చెయ్యెత్తింది. నేను ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. మెత్తగా, నిండుగా, ఎంత హాయైన నిశ్శబ్దమో, దాని కోసం ఏడ్చేశాను చివరికి. "ఆగిందా?" అన్నాడు అన్నయ్య నా పక్కన, గుసగుసగా. "లేదు." వెలుగు నేల మీద జరిగింది. "ఇప్పుడు?" నేను పిల్ల చెయ్యి వైపు చూపించాను. రెండో నిమిషం దాటాక పిల్ల భుజం వణకడం మొదలెట్టింది, రెండో చేత్తో మోచేతిని పట్టుకుని ఆపుకుంది, చెయ్యి మాత్రం దించలేదు.